రాజును ‘నువ్వు’ అన్న క్షణం

కింగ్ లియర్ మొదటి దృశ్యంలో రాజు నిండు కొలువులో తన చిన్న కూతురిని కాదని తోసేస్తాడు. అడ్డుపడిన కెంట్ ప్రభువు ఎంతో మర్యాదగా మాట మొదలుపెడతాడు. జీవితమంతా రాజుగా గౌరవించాననీ, తండ్రిలా ప్రేమించాననీ చెప్పుకుంటాడు. లియర్ వినిపించుకోడు. అప్పుడు కెంట్ గొంతు మారుతుంది, దానితో పాటే సర్వనామం మారుతుంది. రాజును ఏకవచనంలో పిలుస్తాడు, ముసలివాడా అని కూడా అంటాడు. 1606 డిసెంబర్ 26 రాత్రి వైట్‌హాల్ కొలువులో ఈ నాటకాన్ని జేమ్స్ రాజు ఎదుట ఆడారు. ఒక రాజు చూస్తుండగా రంగం మీద మరో రాజును ఒక ప్రభువు ‘నువ్వు’ అన్నాడన్నమాట. ఆ సభలో ఆ మాట ఎంత బరువుగా పడి ఉంటుందో తెలుగువాడికి ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. నేటి ఇంగ్లీషు మాత్రమే తెలిసిన పాఠకుడికి మాత్రం అక్కడ ఏదో పాతకాలపు మాట కనిపిస్తుంది, అంతే. వాడి భాషలో రాజుకూ బంటుకూ ఒకటే సర్వనామం. పదహారు, పదిహేడు శతాబ్దాల ఇంగ్లీషు నాటకభాషను అర్థం చేసుకోవడమనే సమస్యకు కీలకం ఇక్కడే ఉందని నా నమ్మకం. ఆ భాష మనకు రెండింతలు దూరమని, ఒకటి పరాయిది కాబట్టి, రెండోది పాతది కాబట్టి అని, అందరూ అనుకుంటారు. చాలా చోట్ల అది మనకే దగ్గర. ఆ దగ్గరతనాన్ని మన తరగతి గదులు ఉపయోగించుకోవడం లేదు.

ఈ ప్రశ్నను ఢిల్లీ నుంచి అడగడానికి కారణముంది. ఢిల్లీ విశ్వవిద్యాలయం ఇంగ్లీషు ఆనర్స్ పాఠ్యక్రమంలో మార్లో రాసిన డాక్టర్ ఫాస్టస్, షేక్స్‌పియర్ మాక్‌బెత్ వంటివి ఏళ్ల తరబడి ఉన్నాయి. ఆ గదుల్లో కూర్చునే పిల్లల్లో ఇంట్లో తెలుగు, బస్సులో హిందీ, పరీక్షలో ఇంగ్లీషు రాసేవాళ్లు ఉంటారు. 1948లో మొదలైన ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ బడులు, 1961లో తిరుమల తిరుపతి దేవస్థానం స్థాపించిన శ్రీ వేంకటేశ్వర కళాశాల ఈ నగరంలో తెలుగు చదువుకు నిలువనీడలు. ఇంగ్లీషు నాటకం పాఠం దగ్గరికి వచ్చేసరికి మాత్రం పిల్లవాడు తన రెండు భాషలనూ గుమ్మం బయట విడిచి లోపలికి వెళ్లాలి. లోపల వాడికి దొరికేది నయీ సడక్ దుకాణాల్లో ‘కుంజీ’ అని అమ్మే గైడు, లేదా ఎడమ పేజీలో అసలు పాఠం, కుడి పేజీలో నేటి ఇంగ్లీషు ఉండే పుస్తకం. రెండూ ఇచ్చేది తాత్పర్యమే. తెలుగులో పద్యం చెప్పిన ఏ పాతకాలపు పంతులుగారూ తాత్పర్యంతో మొదలుపెట్టలేదు. ముందు పదవిభాగం, తరవాత ప్రతిపదార్థం, ఆపైన అన్వయం, చివర తాత్పర్యం. ఆ వరసలో ఒక తెలివి ఉంది. మొదటి మూడింటినీ దాటి నాలుగోదానికి గెంతినవాడు పద్యం ఏమంటుందో తెలుసుకుంటాడు, అది పద్యం ఎందుకయిందో ఎప్పటికీ తెలుసుకోలేడు.

ఈ భాషను విప్పడానికి జరిగిన కృషి చిన్నదేమీ కాదు. 1869లో అబ్బట్ షేక్స్‌పియర్ వ్యాకరణం రాశాడు. 1874–75లో అలెగ్జాండర్ ష్మిట్ అనే జర్మన్ పండితుడు షేక్స్‌పియర్ వాడిన మాటలన్నిటికీ నిఘంటువు కూర్చాడు. పరభాషవాడై ఉండీ ఆ పని అంత నిండుగా చేశాడంటే, పరభాషవాడు కావడం వల్లనే చేయగలిగాడేమో అనిపిస్తుంది. తన భాష అనుకున్నవాడు తెలుసులే అని దాటేసే మాటల దగ్గర పరాయివాడు ఆగుతాడు. 1911లో ఆనియన్స్ పదకోశం, 2002లో డేవిడ్ క్రిస్టల్, బెన్ క్రిస్టల్ తండ్రీకొడుకుల పదకోశం వచ్చాయి. ఇటీవల లాంకాస్టర్ విశ్వవిద్యాలయంలో జొనాథన్ కల్పెపర్ బృందం ఆ కాలపు లక్షలాది మాటలను కంప్యూటర్‌తో పోల్చి, ఏ మాట ఆ రోజుల్లో మామూలుది, ఏది అరుదైనది అని లెక్కలు తీసింది. ఈ లెక్కలు ఒక పెద్ద అపోహను చెదరగొట్టాయి. షేక్స్‌పియర్ పదసంపద మరెవరికీ లేనంత పెద్దదనీ, వేలకొద్దీ మాటలు ఆయనే పుట్టించాడనీ ఇప్పటికీ చెబుతుంటారు. ఆయనే పుట్టించాడనుకున్న మాటల్లో చాలావాటికి మొదటి ఉదాహరణ ఆయన దగ్గర దొరకడానికి కారణం, ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు కోసం ఉదాహరణలు ఏరినవాళ్లు అందరికంటే ఎక్కువ శ్రద్ధగా ఆయన్నే చదవడం. హ్యూ క్రెయిగ్ 2011లో చూపినట్టు, నాటకాల పొడవును బట్టి సరిచూస్తే ఆయన పదాల సంఖ్య తోటి నాటకకర్తల మధ్యలోనే ఉంటుంది. కాబట్టి కష్టం వింత మాటల పోగులో లేదు. నేటి పాఠకుడికి అర్థం తెలియని మాటలు మొత్తంలో పదోవంతుకు మించవని క్రిస్టల్ వాదన. ఆ పదోవంతుకు అడుగున వివరణ ఉండనే ఉంటుంది. తెలిసినట్టు కనిపించే మాటకు అడుగున ఏమీ ఉండదు. అసలు ఇబ్బంది అక్కడ మొదలవుతుంది.

తెలుగు భాషాచరిత్ర చదివినవాళ్లు అర్థవిపరిణామం అనే అధ్యాయం మరచిపోరు. ‘కంపు’ ఒకప్పుడు ఏ వాసనైనా, సువాసనైనా. ‘సభికులు’ జూదరులు, ఇప్పుడు సభలో పెద్దమనుషులు. ‘కైంకర్యం’ దేవుడికి చేసే సేవ, ఇప్పుడు కాజేయడం. ప్రబంధంలో నాయిక ఒంటి కంపు అని చదివి ముక్కు మూసుకున్నవాడిని చూస్తే మనకు జాలి వేస్తుంది. ఇంగ్లీషు నాటకం దగ్గర మనమందరం అలాగే ముక్కు మూసుకుంటున్నాం. ఆనాటి ‘ప్రెజెంట్లీ’ అంటే కాసేపట్లో అని కాదు, తక్షణమే అని. ‘స్టిల్’ అంటే ఇంకా అని కాదు, ఎల్లప్పుడూ అని. ‘ఫాండ్’ అంటే ఇష్టమున్నవాడు కాదు, తెలివితక్కువవాడు. ‘నాటీ’ అల్లరి కాదు, దుర్మార్గం. ‘లెట్’ కొన్ని చోట్ల అనుమతించడానికి సరిగ్గా వ్యతిరేకం, అడ్డుకోవడం. టెంపెస్ట్ నాటకం చివర మిరాండా కొత్త మనుషులను చూసి ‘బ్రేవ్’ అన్నప్పుడు వాళ్ల ధైర్యాన్ని మెచ్చుకోవడం లేదు. ఎంత సొగసైనవాళ్లో అని ఆశ్చర్యపోతోంది. ఆ మాటను 1932లో హక్స్‌లీ తన నవలకు పేరుగా పెట్టుకున్నాక పాత అర్థం మరింత మరుగున పడింది. ఈ మాటల్లో ఏదీ పదో తరగతి పిల్లవాడు నిఘంటువు తీసేది కాదు. ఏదో కష్టమైన మాట తగిలి ఆగిపోయిన పాఠకుడికి కనీసం తాను ఆగిపోయానని తెలుస్తుంది. ఇక్కడ వాక్యం సాఫీగా సాగిపోతుంది, తప్పుడు అర్థంతో.

దీనికి ఒథెల్లో కంటే గొప్ప ఉదాహరణ నాకు తెలియదు. విలియం ఎంప్సన్ 1951లో వచ్చిన తన పుస్తకంలో ఆ నాటకంలో ‘ఆనెస్ట్’, ‘ఆనెస్టీ’ అనే మాటలు 52 సార్లు వచ్చాయని లెక్కపెట్టి, ఆ ఒక్క మాట మీద ఒక అధ్యాయమే రాశాడు. నేటి ఇంగ్లీషులో దాని అర్థం నిజాయితీపరుడు. మోసగాడైన ఇయాగోను అందరూ నిజాయితీపరుడని నమ్మడం నాటకంలోని విషాద విడ్డూరమని కుంజీలు రాస్తాయి. అది నిజమే, పైపై నిజం. ఆ కాలంలో ఆ మాటకు మరో రెండు పొరలున్నాయి. పైస్థాయివాడు కిందిస్థాయివాడిని ఆ మాటతో పిలిస్తే అందులో మెప్పుతో పాటు ఒక తగ్గింపు కూడా ఉంటుంది. మన ‘నమ్మకస్తుడు’ సరిగ్గా అదే. యజమాని పాలేరును నమ్మకస్తుడంటాడు, పాలేరు యజమానిని అనడు. ఉద్యోగంలో తనను దాటి మరొకడిని పైకెత్తిన దొర నోటి నుంచి పదేపదే నమ్మకస్తుడని పిలిపించుకునేవాడి కడుపుమంట తెలుగులో ఒక్క మాటతో తెలుస్తుంది. ఇక స్త్రీ విషయంలో వాడినప్పుడు అదే మాటకు అర్థం శీలం. అంటే ఒథెల్లో చెవిలో రెండు వాక్యాలు ఒకే మాట మీద నిలబడ్డాయి: ఈ మగవాడు ఆనెస్ట్, నా భార్య ఆనెస్ట్ కాదు. ఒకడి నమ్మకస్తత సాక్ష్యంగా మరొకరి శీలం కూలిపోయింది. తెలుగులో ఈ రెంటికీ రెండు వేర్వేరు మాటలు వాడితే ఆ ముడి ఊడిపోతుంది, నిజమే. కానీ ఆ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప ముడి ఉందని కూడా తెలియదు. నేటి ఇంగ్లీషులోకి మార్చిన పేజీలో అదే పాత మాట చెక్కుచెదరకుండా ఉంటుంది, పొరలు మాత్రం మాయమై ఉంటాయి.

ఇప్పుడు సర్వనామాల సంగతికి వద్దాం. ఆనాటి ఇంగ్లీషులో ‘దౌ’ ఏకవచనం. చిన్నవాళ్లకు, సేవకులకు, ఆత్మీయులకు, దేవుడికి, కోపం వచ్చినప్పుడు ఎవరికైనా. ‘యు’ బహువచనం, మర్యాదకు, పరాయితనానికి. దేవుడికీ సేవకుడికీ ఒకటే సర్వనామం ఎలా కుదిరిందని ఇంగ్లీషు వ్యాఖ్యాతలు ఒక పేరా ఖర్చు పెడతారు. వేంకటేశ్వరుణ్ణి నువ్వు అని, తహసీల్దారును మీరు అని పిలిచే మనకు అందులో వింత లేదు. ట్వెల్ఫ్త్ నైట్‌లో సర్ టోబీ తన మిత్రుణ్ణి ద్వంద్వయుద్ధానికి ఎగదోస్తూ, ప్రత్యర్థికి రాసే ఉత్తరంలో వాణ్ణి మూడుసార్లయినా ‘దౌ’ అను అని సలహా ఇస్తాడు. ఆ నాటకం వచ్చిన ఒకటి రెండేళ్లకే, 1603లో సర్ వాల్టర్ రాలీ మీద రాజద్రోహ విచారణలో ప్రభుత్వ న్యాయవాది ఎడ్వర్డ్ కోక్ ఆ సర్వనామాన్నే క్రియగా మార్చి, నిన్ను ఏకవచనంలో పిలుస్తున్నానని మొహం మీద చెప్పి మరీ అవమానించాడు. మన పత్రికలు శాసనసభ వార్త రాస్తూ ‘ఏకవచనంతో సంబోధించారు’ అంటే ఎంత గొడవ జరిగిందో పాఠకుడికి ఎలా తెలుస్తుందో, ఆ విచారణ మందిరంలోనూ అలాగే తెలిసింది. ఢిల్లీ వీధుల్లో దీనికి ‘తూ-తడాక్’ అని పేరే ఉంది. ‘ఆప్’తో మొదలైన తగాదా ‘తుమ్’ దాకా దిగి ‘తూ’ దగ్గరికి వచ్చిందంటే చేతులు లేవబోతున్నాయని చుట్టూ ఉన్నవాళ్లకు అర్థమైపోతుంది. పదిహేడో శతాబ్దం నడిమిలో క్వేకర్లు అనే మతశాఖవాళ్లు దేవుడి ముందు అందరూ సమానమని ప్రభువులనూ న్యాయాధిపతులనూ కూడా ‘దౌ’ అని పిలిచి దెబ్బలు తిన్నారు, జైలుకు వెళ్లారు. ఆ తరవాత ఇంగ్లీషువాళ్లు నెమ్మదిగా ఆ సర్వనామాన్నే వదులుకున్నారు. మనం వదులుకోలేదు.

ఈ చెవితో లియర్ మొదటి దృశ్యాన్ని మళ్లీ వినాలి. పెద్ద కూతుళ్లిద్దరికీ రాజ్యభాగం రాసిస్తూ లియర్ వాళ్లను ‘దౌ’ రూపంతోనే పిలుస్తాడు, తండ్రి కూతుళ్లను పిలిచినట్టు. ముద్దుల చిన్న కూతురు కార్డీలియా వంతు వచ్చేసరికి ‘యు’ అంటాడు. ఆ మర్యాదలో గారం ఉంది, కొలువు ముందు ఆమెను ఒక మెట్టు పైన నిలబెట్టాలన్న తహతహ ఉంది. తండ్రులు ఆడపిల్లను ‘ఏమండీ అమ్మాయిగారూ’ అని పిలిచే ముద్దు మనకు తెలిసినదే. ఆమె ఆయన కోరిన మాట పలకదు. నీ మనసుతోనే అంటున్నావా అని అడిగేటప్పటికే లియర్ ‘దౌ’కు దిగుతాడు, తరవాత ఆమెను కట్నం లేకుండా తోసేసేదంతా ఏకవచనంలోనే. గారం కోపమైన ఆ మలుపు వాదంలో కనిపించడానికి ముందే సర్వనామంలో కనిపించింది. ఆ వెంటనే కెంట్ రాజును ‘దౌ’ అంటాడు. ఒక దృశ్యంలో ఒక చిన్న మాట ముద్దు నుంచి శాపానికీ, శాపం నుంచి తిరుగుబాటుకూ ప్రయాణించింది. నేటి ఇంగ్లీషు పేజీలో ఇవన్నీ ఒకే ‘యు’ కింద చదునైపోతాయి. తెలుగులో, హిందీలో చదును చేయాలన్నా కుదరదు. అనువాదకుడు నువ్వో మీరో తేల్చుకుని తీరాలి.

పోలిక మరీ చక్కగా కుదిరిందని అనుమానించేవాళ్లు ఉంటారు, ఉండాలి కూడా. ‘దౌ’ అంటే నువ్వు, ‘యు’ అంటే మీరు అని బల్లగుద్ది చెప్పలేం. 1600 నాటికే లండన్ మధ్యతరగతిలో ‘యు’ మామూలు మాటైపోయింది. కొన్నిచోట్ల పాత్రలు ఏ కారణమూ కనిపించకుండా ఒకదాని నుంచి ఇంకోదానికి మారతారు. హామ్లెట్ తన తల్లి గదిలో మాట్లాడే దృశ్యం మంచి హెచ్చరిక. తల్లి ‘దౌ’ అని మందలిస్తుంది, కొడుకు ‘యు’ అని తిప్పికొడతాడు. అమ్మను నువ్వు అనే ఇంట్లో పెరిగిన తెలుగు పాఠకుడికి ఆ ‘యు’ చల్లటి కత్తిలా తగులుతుంది. అది పొరపాటు. ఆనాటి పెద్దింటి కొడుకు తల్లిని ‘యు’ అనడం మామూలు మర్యాద. అక్కడ నిజంగా జరిగినది మరో వాక్యం తరవాత జరిగింది. కొడుకు జవాబు విన్న తల్లి తన ‘దౌ’ను వదిలి ‘యు’ అంటుంది, దగ్గరతనం తెంచేసుకుని. కాబట్టి మన చెవిని యథాతథంగా అప్పగించకూడదు. ఆ సమాజంలో ఎవరు ఎవరిని మామూలుగా ఏమని పిలుస్తారో ముందు నేర్చుకోవాలి, ఆపైన ఆ మామూలు ఎక్కడ తప్పిందో వినాలి. ఇలా వినే అలవాటు మనకు పుట్టుకతో ఉంది. తెలంగాణ పల్లెలో అందరినీ నువ్వు అనే ఆప్యాయతకూ, కోస్తా పట్టణంలో గారూ-అండీల మర్యాదకూ తేడా తెలిసినవాడు, ఒకే మాట ఊరు మారితే బరువు మారుతుందని ఎవరూ చెప్పకుండానే ఎరుగును.

మన భాష ఇచ్చిన చేత్తోనే కొన్నిటిని తీసుకుంటుంది. దాన్నీ ఒప్పుకోవాలి. హామ్లెట్ గుండెలో మంట తండ్రి తమ్ముడు తండ్రి స్థానంలోకి రావడం. బాబాయే తండ్రయ్యాడని కసిగా రెండు బంధుత్వాలను ఒకే మాటగా అతికిస్తాడు. ఇంగ్లీషులో ఆ రెండు మాటలూ ఒకదానికొకటి పొసగవు, అందుకే అతుకు గీసుకుపోతుంది. తెలుగులో తండ్రి తమ్ముడు ముందు నుంచీ ‘చిన్నాన్న’, ‘పినతండ్రి’. తల్లి చెల్లెలు ‘పిన్నమ్మ’. మన బంధుత్వాల పేర్లలోనే ఆ అతుకు ఎప్పుడో పడిపోయి నునుపైపోయింది. హామ్లెట్‌కు కంపరం పుట్టించిన జోడింపు తెలుగులో ముద్దుమాట. హిందీ ‘చాచా’లో తండ్రి లేడు కాబట్టి ఢిల్లీ నటుడికి ఈ చిక్కు లేదు. అన్న భార్యను తమ్ముడు పెళ్లాడడం ఆ కాలపు క్రైస్తవ ధర్మంలో మహాపాపం. ఎనిమిదో హెన్రీ మొదటి పెళ్లి రద్దు కోసం నడిచిన తగవంతా దాని మీదే. తెలుగు పాఠకుడికి ఇక్కడ మాట ద్వారా కాదు, వివరణ ద్వారానే దారి. ఇలాంటి చోట్లు గుర్తించి చెప్పే పాఠం, కేవలం పోలికలతో సంబరపడే పాఠం కంటే నమ్మదగినది.

పద్యం సంగతి చూస్తే తెలుగువాళ్ల అనుభవం పాతది. 1870ల్లోనే వావిలాల వాసుదేవశాస్త్రి జూలియస్ సీజర్‌ను సీజరు చరిత్రముగా తెనిగించాడు, అంత్యప్రాస లేని ఇంగ్లీషు పద్యానికి సాటిగా తేటగీతిని ఎంచుకున్నాడు. ఆ ఎంపికలో మంచి చెవి ఉంది. ఇంగ్లీషు పాదంలో ఐదు ఊపులు, తేటగీతి పాదంలో ఐదు గణాలు. రెండూ వృత్తాల బరువు లేకుండా మాటకు దగ్గరగా నడుస్తాయి. కందుకూరి వీరేశలింగం కామెడీ ఆఫ్ ఎర్రర్స్‌ను 1880లో చమత్కార రత్నావళిగా మన నేల మీదికే తెచ్చుకున్నాడు. కానీ ఆ తరవాత మన రంగస్థలం పద్యాన్ని రాగానికి అప్పగించింది. పద్యనాటకంలో పద్యం వస్తే కథ ఆగుతుంది, నటుడు రాగం తీస్తాడు, జనం ‘వన్స్ మోర్’ అంటారు. షేక్స్‌పియర్ పద్యం ఆగదు. మాక్‌బెత్ హత్య చేసి వచ్చాక భార్యాభర్తలు ఒకే పాదాన్ని ముక్కలుగా పంచుకుని గుసగుసలాడతారు. పాదం మధ్యలో ఒకరి ఊపిరి మరొకరి నోట్లోకి వెళుతుంది. జూలియస్ సీజర్‌లో బ్రూటస్ జనంతో వచనంలో మాట్లాడి ఒప్పిస్తాడు, వెనక వచ్చిన ఆంటొనీ పద్యంలో మాట్లాడి ఊరిని తగలబెట్టిస్తాడు. ఈ తేడాను రాగం మింగేస్తుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. మన కావ్యాల్లో రాజునూ దేవుణ్ణీ ‘నీవు’ అనడం మామూలు, అందులో అవమానం లేదు. కాబట్టి గ్రాంథిక పద్యంలో కెంట్ చేసిన సాహసం వినిపించదు. పాత ఇంగ్లీషుకు పాత తెలుగే తగినదన్న ఊహ సహజంగానే తోస్తుంది, కానీ ఆ నాటకాల్లో ప్రాణమైన మర్యాదల పోరు వాడుక తెలుగులోనే బతుకుతుంది.

ఢిల్లీలో హిందీవాళ్లు ఈ పాఠం మనకంటే ముందు నేర్చుకున్నారు. ఇక్కడ విదేశాంగ శాఖలో పనిచేస్తూ హరివంశరాయ్ బచ్చన్ 1957లో మాక్‌బెత్‌ను, 1959లో ఒథెల్లోను హిందీ పద్యంలోకి తెచ్చాడు. మాక్‌బెత్‌ను 1958లో ఈ నగరంలోనే ఆడారు. షేక్స్‌పియర్ నాలుగువందల ఏళ్ల పండుగ వచ్చిన 1964లో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో ఇబ్రహీం అల్కాజీ కింగ్ లియర్‌ను ఉర్దూలో ఆడించాడు. ఢిల్లీలో దినమాన్ పత్రిక నడిపిన కవి రఘువీర్ సహాయ్ మాక్‌బెత్‌ను ‘బర్నమ్ వన్’గా రాస్తే, 1979లో బి.వి. కారంత్ దాన్ని యక్షగాన పద్ధతిలో రంగానికెక్కించాడు. బచ్చన్ నుంచి సహాయ్ దాకా ఇరవై ఏళ్లలో పద్యం పుస్తకం నుంచి నోటికి వచ్చింది. చదువుకున్న విమర్శకులు తెరిచిన దారి కూడా ఇదే నగరంలో ఉంది. ఆర్.డబ్ల్యూ. దేశాయ్ 1979 నుంచి 2003 దాకా ఒక్క హామ్లెట్ మీదే ‘హామ్లెట్ స్టడీస్’ అనే పత్రికను ఢిల్లీ నుంచి నడిపాడు. పరదేశపు నాటకం ఒకదాని మీద పాతికేళ్ల పాటు ఇంత శ్రద్ధ పెట్టిన ఊరిలో, ఆ శ్రద్ధ మండీ హౌస్ చుట్టూ నాటకశాలల్లో ఒకటిగా, ఉత్తర ఢిల్లీ తరగతి గదుల్లో ఇంకొకటిగా చీలిపోవడం నాకు బాధ కలిగిస్తుంది. లియర్‌ను ఉర్దూలో విన్నవాడికి తెలిసిన సంగతి, లియర్ మీద ఇంగ్లీషులో పరీక్ష రాసేవాడికి తెలియడం లేదు.

నాటకం చూస్తే చాలు, నటుడి మొహం, చేతులు అర్థం చెప్పేస్తాయి, మాటలు పట్టుకుని వేలాడడం ఎందుకు అనేవాళ్లు ఉన్నారు. వాళ్ల మాటలో సగం నిజం. కానీ ఆ నటుడికి ఎవరు చెప్పాలి? కెంట్ పాత్రధారికి సర్వనామం మారిందని తెలియకపోతే వాడి మెడ ఆ క్షణంలో నిక్కదు. జనం దాన్ని చూడలేరు. ఇంకొందరు భాషావేత్తలు, ముఖ్యంగా జాన్ మెక్‌వోర్టర్, ఈ నాటకాలను ఇంగ్లీషువాళ్లకే నేటి ఇంగ్లీషులోకి అనువదించాలని వాదించారు. పదిలో ఒక మాట తెలియకపోయినా వాక్యం కుంటుతుందన్నది ఆయన పట్టు, ఆ పట్టు గట్టిదే. 2015లో అమెరికాలోని ఆరిగన్ షేక్స్‌పియర్ ఫెస్టివల్ 36 మంది నాటకకర్తలతో 39 నాటకాలను తిరగరాయించే పనికి పూనుకుంది. జేమ్స్ షాపిరో వంటి పండితులు దాన్ని గట్టిగా వ్యతిరేకించారు. ఇద్దరి మాటా విన్నాక నాకు తోచేది ఇది: ఇంగ్లీషువాడికి ఆ అనువాదం అవసరం కావచ్చు, మనకు మాత్రం అది అన్నిటికంటే పనికిరాని అనువాదం. నువ్వు-మీరు తేడా, నమ్మకస్తుడి బరువు, ఇలా మన భాషలు మోయగలవాటినే నేటి ఇంగ్లీషు జారవిడుస్తుంది. రెండు గట్లు కలిపే వంతెన కావలసిన చోట అది మనల్ని మూడో గట్టుకు తీసుకెళుతుంది. ఒక భాష పాత రూపాన్ని దాని కొత్త రూపం ద్వారానే చేరాలన్న నియమం ఎవరు పెట్టారు? పాత ఇంగ్లీషుకూ నేటి తెలుగుకూ మధ్య సూటి దారి ఉన్నప్పుడు చుట్టుదారి పట్టనక్కర్లేదు.

శబ్దం సంగతి కొంచెమే చెబుతాను. 2004లో లండన్ గ్లోబ్ రంగశాలలో డేవిడ్ క్రిస్టల్ సాయంతో రోమియో అండ్ జూలియట్‌ను ఆ కాలపు ఉచ్చారణలో ఆడారు. ఆ ఉచ్చారణలో ఇప్పుడు కుదరని ప్రాసలు కుదురుతాయి, చచ్చిపోయిన శ్లేషలు లేస్తాయి. నాలుగో హెన్రీ మొదటి భాగంలో ఫాల్‌స్టాఫ్ కారణాలు అడవిపండ్లంత విరివిగా ఉన్నా చెప్పనంటాడు. కారణానికి పండ్లతో పోలికేమిటని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పట్లో ‘రీజన్’, ఎండుద్రాక్ష అనే అర్థంలోని ‘రైజిన్’ దాదాపు ఒకేలా పలికేవి. రామాయణాన్నీ భారతాన్నీ ఒకే పద్యంలో చెప్పే రాఘవపాండవీయాన్ని రాసిన పింగళి సూరన వారసులకు శ్లేష చెడ్డ హాస్యమని సిగ్గుపడే అవసరం లేదు. పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లీషు విమర్శకుడు శామ్యూల్ జాన్సన్ షేక్స్‌పియర్ శ్లేషల వ్యామోహాన్ని దోషంగా ఎంచాడు. మన అలంకారశాస్త్రం చదివినవాడు అలా ఎంచడు.

చివరగా మిగిలేది చరిత్ర అడిగే ప్రశ్న. ఈ నాటకాలు మన బడుల్లోకి పాలకుల చదువుతో వచ్చాయి. గౌరీ విశ్వనాథన్ 1989లో చూపినట్టు ఇంగ్లీషు సాహిత్యాన్ని పాఠ్యాంశంగా ఇక్కడ స్థిరపరచడం వెనుక రాజ్యపాలన అవసరముంది. ఇప్పుడు వాటిని అంత పట్టుదలగా ఎందుకు చదవాలి? నా జవాబు చదివే పద్ధతిలోనే ఉంది. ఇంగ్లీషు కొత్త రూపం ద్వారా, పరాయి తాత్పర్యం ద్వారా చదివినంత కాలం ఆ నాటకం దొర ఇచ్చిన పాఠమే. తన భాషలో ప్రతిపదార్థం చెప్పుకుని చదివిన రోజున అది, తమ భాష ఇంకా కుదురుకోని ఒక చిన్న ద్వీపపు జనం రాసుకున్న నాటకంగా కనిపిస్తుంది. సోనీపత్‌లోని అశోకా విశ్వవిద్యాలయంలో బోధించిన జొనాథన్ గిల్ హారిస్ 2018లో ‘మసాలా షేక్స్‌పియర్’ అనే పుస్తకం రాసి, ఆ నాటకాల్లోని కలగాపులగపు తత్వం హిందీ సినిమా ప్రేక్షకుడికి ఇట్టే అర్థమవుతుందని వాదించాడు. ఐదో హెన్రీ నాటకంలో ఫ్రెంచి రాకుమారి నేర్చుకునే ఇంగ్లీషు పాఠం ఉంది, మెర్రీ వైవ్స్ ఆఫ్ విండ్సర్‌లో లాటిన్ పాఠం నవ్వులపాలవుతుంది. లాటిన్, ఫ్రెంచి మాటలను ఇంటి మాటలతో కలిపి మింగుతున్న ఆ లండన్, మూడు భాషలు కలిపి మాట్లాడే ఇవాళ్టి ఢిల్లీకి పరాయి ఊరు కాదు. గిల్ హారిస్ కథల కలగాపులగం దగ్గర ఆగాడు. మాటల దాకా, సర్వనామాల దాకా వెళ్లాల్సింది మనం.

చేయవలసిన పని పెద్ద సంస్థలు కోరేది కాదు. తెలుగు కూడా బోధించే కళాశాలలో ఇంగ్లీషు అధ్యాపకులూ తెలుగు అధ్యాపకులూ ఒక్క దృశ్యం ముందు కూర్చుంటే చాలు. లియర్ మొదటి దృశ్యం తీసుకోవచ్చు. దానికి 1608 నాటి చిన్న ముద్రణ, 1623 నాటి పెద్ద ముద్రణ అని రెండు పాఠాలున్నాయి కాబట్టి తాళపత్రాల పాఠభేదాలు సరిచూసిన తెలుగు పరిష్కర్తల పద్ధతి కూడా అక్కడ అక్కరకొస్తుంది. ఒక నిలువు వరసలో అసలు పాఠం, పక్కన తెలుగులో ప్రతిపదార్థం, కింద అన్వయం. తెలిసినట్టు కనిపించి మోసం చేసే ప్రతి మాట కింద ఒక గీత. అంచులో, సర్వనామం మారిన ప్రతి చోటా ఒక చుక్క. కార్డీలియా పేరు పక్కన మొదటి చుక్క పడుతుంది. కొంచెం కిందికి దిగాక కెంట్ పేరు పక్కన పడే చుక్క దగ్గర ఆగి, ఆ వాక్యాన్ని తెలుగులో పైకి చదవమని ఒక విద్యార్థిని అడగాలి. నిండు కొలువులో, రాజు ముందు నిలబడి ‘నువ్వు’ అనాలి.